పారే నీళ్లు

ఆదివారం. పొద్దున ఎనిమిదికే ఎండ మండిపోతోంది.

నిన్న రాత్రి బస్సుకి పునరావాస కాలనీకి వచ్చాను. లేచేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని మామిడి టెంకలు కొడుతోంది. లోపలి జీడి తీసి చేటలో వేస్తోంది.

"ఇన్ని ఎక్కడివమ్మా?"

"రోడ్డు మీద జ్యూస్ బండి అబ్బాయి పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నా."

కాసేపు నాకు మాట రాలేదు. పాపికొండల్లో మా ఊరి పైన మామిళ్లు ఎన్ని ఉండేవో! ఎవరినీ అడగక్కర్లేదు.

మేం కొండరెడ్లం. వానాకాలంలో గింజలు నిండుకుంటే జీడిపిండి జావే మాకు ఆధారం. జీడి ఊరికే తినలేం, నోరంతా వగరు. ఎండబెట్టి, దంచి, వెదురు బుట్టలో పెట్టి వాగులో ఉంచాలి. పారే నీళ్లే వగరుని లాక్కుపోవాలి. ఇక్కడ వాగు లేదు. కుళాయి పొద్దున గంటసేపు వస్తుంది. అందుకే అమ్మ పిండిని గుడ్డలో మూటగట్టి, బకెట్లో వేసి, నీళ్లు మారుస్తూ ఉంటుంది. తాగే నీళ్లు కూడా ఆ గంటలోనే పట్టుకోవాలి మరి.

పోలవరం డ్యామ్ నిండితే నీటిమట్టం 150 అడుగులు, అంటే 45.72 మీటర్లు. మా ఊరు 41.15 మీటర్ల కాంటూరు, అంటే ఆ ఎత్తుకి గీసిన గీత, లోపల ఉంది కాబట్టి మమ్మల్ని ముందు ఖాళీ చేయించారు. మా అత్త వాళ్లది కూనవరం వైపు. వాళ్ల ఊరు ఆ గీతకి అవతల ఉందన్నారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు ఆ గీతని నీళ్లు పట్టించుకోలేదు. అత్త వాళ్లు గుట్టెక్కి టార్పాలిన్ కింద ఉన్నారు.

కాలనీ ఇల్లు గట్టిదే. కరెంటు ఉంది, రోడ్డుంది, తమ్ముడి కాలేజీ దగ్గర. కాదనను. కానీ సర్వేకి వచ్చినవాళ్లు ఇల్లు కొలిచారు, పట్టా భూమి రాసుకున్నారు, పెరట్లో చెట్లు లెక్కపెట్టారు. కొండ మీది మామిళ్లు, జీలుగు చెట్లు, వెదురు, వాగు ఏ కాగితంలోనూ ఎక్కలేదు. 2013 భూసేకరణ చట్టం అడవిలో ఏరుకుని బతికేవాళ్లని కూడా నష్టపోయిన కుటుంబాల్లోనే చేర్చింది. నేను చదువుకుని ఆ సంగతి తెలుసుకునేసరికి మా సంతకాలు అయిపోయాయి. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

మధ్యాహ్నం సంతలో అరకేజీ చింతపండు కొన్నాం. ఒకప్పుడు మేం అమ్మిన సరుకు.

సాయంత్రం అమ్మ చిటికెడు పిండి నోట్లో వేసుకుని ఉమ్మేసింది. "ఇంకా వగరు పోలేదు. గుడ్డలో ఉంటే నీళ్లు ఆడట్లేదు. వచ్చేటప్పుడు ఓ వెదురు బుట్ట కొనుక్కురా."

అరుగు మీద నాన్న తలెత్తాడు. "బుట్ట కొనకు. వెదురు దొరుకుతుందేమో చూడు. నేనే అల్లుతా."

రేపు టౌన్లో వెదురు ఎక్కడ అమ్ముతారో కనుక్కోవాలి.