గున్న డైరీలో నా పేజీ

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనం సంచికకి ఏదైనా రాసివ్వమని కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. ఉప్మా గంగాళం సంగతి క్వింటాల్ ఎలాగూ రాస్తాడు. రైల్వే గేటు బ్యాచ్ కబడ్డీ గొడవ వాళ్లే రాసుకుంటారు. నాకు రాయడానికి ఉన్నది ఒక్కటే. 1993 డిసెంబరులో మూడు రోజులు. గున్న.

ఆ సోమవారం పొద్దున్నే బస్సులో మన సోషల్ టీచరు గారు చేతిసంచీలోంచి దాన్ని తీసి అందరికీ చూపించారు. జానెడు కొండపల్లి ఏనుగు బొమ్మ, వీపు మీద ఎర్ర అంబారీ. అదే గున్న. "ఈ టూరు డైరీ రాసేది మీరు కాదు, ఇది. ఒక్కో మ్యూజియంలో ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది. ఎవరి దగ్గరుంటే ఆ రాత్రి వాళ్లు దాని తరఫున పేజీ రాయాలి. బోర్డు మీద ఉన్నది ఎక్కించుకొస్తే ఒప్పుకోను. ఇది ఎంత ఎత్తుందో అంత ఎత్తు నుంచి చూసి రాయండి" అన్నారు.

అందుకే బెజవాడ విక్టోరియా మ్యూజియంలో మనందరం నేల మీద చతికిలబడ్డాం. అల్లూరు బుద్ధుడు నిలువెత్తు విగ్రహం. గున్నకి మాత్రం కనిపించింది పాదాలే. ఆ రోజు పొట్టి రాసిన పేజీ మొత్తం ఆ పాదాల గురించే. ఎవరం నవ్వలేదు. అమరావతిలో ముక్కలు అతికి నిలబెట్టిన నంది ముందు గున్నను పెట్టింది మనం హార్మోనియం అని పిలిచే అమ్మాయి. ఇక్కడి సున్నపురాతి పలకలు బోలెడు మద్రాసులోనూ లండన్‌లోనూ ఉన్నాయని టీచరు గారు చెబితే, "నేను లండన్ పోవాలంటే ఏ బస్సెక్కాలి?" అని రాసింది. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు పడ్డాయి.

రెండో రోజు నాగార్జునకొండ. వంతు నాది.

మాచర్ల దాటి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. గున్నను సంచీలో పెట్టి సీటు కింద తోశాను. నీళ్లు చూడ్డానికి అందరం ఒక పక్కకి పరిగెత్తాం కదా, లాంచీ అతను కేకలు పెట్టాడు కదా, ఆ తొక్కిడిలో ఎవరి కాలో సంచీ మీద పడింది. ద్వీపంలో దిగి చూస్తే గున్న తొండం సగానికి విరిగింది. గొంతులో తడి ఆరిపోయింది. విరిగిన ముక్క జేబులో వేసుకుని, గున్న మొహం చొక్కాకి ఆనించి పట్టుకుని మ్యూజియం అంతా తిరిగాను.

లోపల లోయ నమూనా ఉంటుంది, గుర్తుందా? టీచరు గారు దాని దగ్గరే చాలాసేపు నిలబెట్టారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఇక్కడే ఉండేదనీ, నాగార్జునసాగర్ డ్యాము కడితే మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారనీ, కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి ఈ కొండ మీదికీ దగ్గర్లోని అనుపుకీ చేర్చి మళ్లీ కట్టారనీ చెప్పారు. "ఇందాక మీరు లాంచీలో వచ్చింది ఆ ఊరి మీదుగానే" అన్నారు. నేను మాత్రం జేబులో ముక్కను వేళ్లతో తడుముకుంటూనే ఉన్నాను.

రాత్రి సత్రంలో పేజీ రాసి ఇచ్చాను. తొండం మాట ఎత్తలేదు. ఆవిడ చదివారు. గున్నను చేతిలోకి తీసుకున్నారు. కోప్పడలేదు. "నీ పేజీ బాగుందయ్యా. కానీ దానికి ఇవాళ జరిగింది దానిచేత చెప్పించలేదు" అని నోట్‌బుక్ తిరిగి ఇచ్చేశారు. పదకొండింటి దాకా కూర్చుని మళ్లీ రాశాను. "నా తొండం విరిగింది. ముక్క పారేయలేదు, ఒక అబ్బాయి జేబులో ఉంది. ఇక్కడ ఊరు మునిగింది. రాళ్లు పారేయలేదు, కొండెక్కించారు." అంతవరకే నాకు గుర్తుంది.

మూడో రోజు హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గున్నను క్వింటాల్ భుజాన ఎక్కించుకున్నాడు. గడియారంలోంచి చిన్న మనిషి బయటికొచ్చి పన్నెండు గంటలూ కొట్టేదాకా కదల్లేదు. మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం దగ్గర రైల్వే గేటు వాళ్లు మాట్లాడకుండా నిలబడ్డారు, అది నేను కళ్లారా చూశాను.

ఆ తర్వాత ఆదివారం టీచరు గారు నన్ను వెంటబెట్టుకుని కొండపల్లి తీసుకెళ్లారు. బొమ్మలు చేసే పెద్దాయన ముక్క ఉందా అని ముందు అదే అడిగాడు. చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆరాక ఆకురాయితో రాసి, సుద్ద పూసి, రంగు వేశాడు. తెల్ల పొణికి కర్ర తేలిక, బరువు పెడితే ఆగదు, జాగ్రత్తగా చూసుకో బాబూ అన్నాడు. దగ్గరగా చూస్తే అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది.

పదో తరగతి, ఇంటరు, ఐటీఐ, వేరేవాళ్ల బస్సు తోలిన ఏళ్లు, అవన్నీ మీకు తెలిసినవే. 2009లో సొంతంగా ఒక బస్సు కొన్నాను. ఇప్పుడు మూడు. పెళ్లిళ్లకీ తీర్థయాత్రలకీ తిప్పుతాను, కానీ డిసెంబరు, జనవరి నెలలు బడిపిల్లలకే. మూడు బస్సుల్లోనూ అద్దం ముందు కొండపల్లి ఏనుగు ఉంటుంది. ఎక్కిన పిల్లలకు ఒక లాంగ్ నోట్‌బుక్ ఇస్తాను. శుక్రవారం టూరు మాత్రం ఒప్పుకోను, అమరావతి, నాగార్జునకొండ, సాలార్‌జంగ్ మూడూ ఆ రోజు సెలవే. టీచరు గారు మనకి సోమవారం ఎందుకు పెట్టారో అప్పుడు ఎవరం అడగలేదు.

రిటైరయ్యే రోజు ఆవిడ గున్ననూ డైరీనీ నాకే ఇచ్చారు. అట్ట ఊడింది, బైండింగ్ చేయించాను. చివర నాలుగు పేజీలు ఖాళీగా ఉన్నాయి. రైల్వే గేటు వాళ్ల వంతు రానే లేదు. సమ్మేళనం ఆదివారం కాబట్టి మధ్యాహ్నం భోజనాలయ్యాక బడి గేటు దగ్గర నా బస్సు పెడతాను. బెజవాడ మ్యూజియం 2020లో బాగు చేసి మళ్లీ తెరిచారు, ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నారు. టీచరు గారు వస్తామన్నారు. ముందు సీటు ఆవిడకి. గున్న రైల్వే గేటు వాళ్ల చేతిలో ఉంటుంది. పెన్ను వాళ్లే తెచ్చుకోవాలి.