మొక్కలు నాటని ఆదివారం

ఏటా ఉగాదికి ముందు ఒక ఆదివారం మా తెలుగు సంఘం పిల్లాపెద్దలతో ఊరి బయటికి వెళ్ళి మొక్కలు నాటి వస్తుంది. వాటిలో ఎన్ని బతికాయో ఎవరూ అడగరు. ఫోటోలు మాత్రం బాగా వస్తాయి. ఈసారి ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. బెంగళూరుకు వాయవ్యంగా 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న హెసరఘట్టను సూచించిందీ నేనే. "బోలెడంత ఖాళీ నేల, చెట్టన్నది లేదు, ఎన్ని నాటితే అంత పుణ్యం" అని సమావేశంలో గొప్పగా చెప్పాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నూట యాభై కానుగ, నేరేడు మొక్కలకు నర్సరీలో రెండు వేలు బయానా ఇచ్చి అనుమతి కోసం బయలుదేరాను. మొదటి కార్యాలయంలో ఆ నేల తమది కాదన్నారు. రెండో చోట తమదేగానీ ఒక్క తమ మాటే చాలదన్నారు. కారణం లేకపోలేదు. అక్కడి గడ్డి భూముల్లో పెద్ద భాగం పశుసంవర్ధక శాఖ కింద ఉంది. దాన్ని సంరక్షణ రిజర్వు చేయాలన్న ప్రతిపాదనను 2021లో రాష్ట్ర వన్యప్రాణి మండలి తోసిపుచ్చింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. చివరికి 2024లో 5,600 ఎకరాలకు పైగా విస్తీర్ణానికి ప్రభుత్వ ఆమోదం దొరికింది. కాబట్టి అటవీ శాఖ వారినీ అడగాలి. అర్జీ కన్నడంలో కావాలన్నారు. పక్కింటి ఆయన చేత రాయించి తీసుకెళ్ళాను. శీర్షిక 'మనవి పత్ర'. మనవి మనదే, అనుమతీ మనదే, తలకట్టు ఒక్కటే కొంచెం వేరు. ఆ ధైర్యంతో సంతకం పెట్టాను. సంఘం ముద్ర లేదని ఒకసారి, ఎంతమంది వస్తారో రాయలేదని ఇంకోసారి తిప్పి పంపారు. మొత్తం నాలుగు సెలవులు ఖర్చయ్యాయి.

మూడో తిరుగుడులో ఒక పుణ్యాత్ముడు, "ముందు వెళ్ళి నేలను చూసిరండి" అని ఒక గార్డును తోడు పంపాడు. ఆయనది ఆంధ్ర సరిహద్దున ఉన్న బాగేపల్లి. అక్కడ ఇంటి మాట తెలుగే కావడంతో నా పని సులువైంది. మొక్కల సంగతి చెప్పగానే ఆయన నడక ఆపేశాడు.

"ఇక్కడ చెట్లు నాటడానికి వీల్లేదు సార్."

"ఎందుకండీ? అంతా బీడే కదా?"

ఆయన జవాబివ్వకుండా ముందుకు నడిచాడు. అంతలో ఒక తీతువు పిట్ట అరుస్తూ మా తలల మీదుగా చక్కర్లు కొట్టింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి నేల చూపించాడు. నాకు గులకరాళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపు చూశాక వాటిలో నాలుగు రాళ్ళు రాళ్ళు కావని తెలిసింది. మట్టిరంగు మీద నల్లమచ్చలు, మొనలు లోపలికి తిరిగిన నాలుగు గుడ్లు. గూడు లేదు, పుల్ల లేదు, ఉత్త నేల. ఇంకో రెండడుగులు వేసి ఉంటే నా బూటు కింద ఉండేవి.

తర్వాత ఆయన చెప్పినదంతా నడుస్తూనే విన్నాను. ఈ పిట్ట, భరత పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే ఒక రకం గద్దలు రాత్రిళ్ళు ఈ గడ్డిలోనే నిద్రపోతాయి. చెట్టు వస్తే కొమ్మ మీద కాకి కూర్చుంటుంది, కాకికి గుడ్లు పైనుంచే కనిపిస్తాయి. నీడ పడినచోట ఈ గడ్డి పెరగదు. ఇక్కడ కురిసిన వాన హెసరఘట్ట చెరువుకు, అర్కావతి నదికి చేరుతుంది. బెంగళూరుకు మొదట గొట్టాల ద్వారా నీళ్ళు వచ్చింది 1894లో కట్టిన ఆ చెరువు నుంచే.

నేను పుట్టింది నందికొట్కూరు దగ్గర. చిన్నప్పుడు రోళ్ళపాడు బీడు మీదుగా బస్సులో వెళ్ళేవాళ్ళం. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యం చేశారు. బట్టమేకకు కావలసింది అడవి కాదు, బీడు. అక్కడ పెరిగిన నేను ఇక్కడికొచ్చి బీడును ఖాళీ నేల అన్నాను. రెవెన్యూ లెక్కల్లో 'బంజరు' అని రాసిన మాటను మనం అంత గట్టిగా నమ్ముతాం.

ఊళ్ళో టీ బంకు దగ్గర ఇంకో పరీక్ష ఎదురైంది. "పట్నంవాళ్ళు వచ్చి మా మేకల్ని ఆపిస్తారా?" అని ఒక పెద్దాయన నిలదీశాడు. సంరక్షణ రిజర్వు అంటే అభయారణ్యం లాంటిది కాదు, చుట్టుపక్కల ఊళ్ళవారిని సంప్రదించాకే ప్రకటించాలని చట్టంలోనే ఉంది అన్నాను. "చట్టంలో చాలా ఉంటాయి" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు. ఆయన అనుమానం నాకు అన్యాయంగా తోచలేదు.

చివరికి అనుమతి వచ్చింది. ముప్పై మందికి మించకూడదు, ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకే. మైకు, నిప్పు, మొక్కలు నిషిద్ధం, బండ్లు రోడ్డు మీదే ఆపాలి. అసలు కష్టం ఆ కాగితం సంఘంలో చదివినప్పుడు మొదలైంది.

"మొక్కలు లేని పర్యావరణ కార్యక్రమం ఏమిటండీ? బ్యానర్ మీద ఏమని రాయాలి?" అన్నారు అధ్యక్షులవారు.

"బ్యానర్ కూడా వద్దన్నారండి."

గది కాసేపు మూగబోయింది. ఇద్దరు సభ్యులు అప్పుడే పేర్లు వెనక్కి తీసుకున్నారు. బయానా రెండు వేలు నా జేబులోంచి పోకుండా మొక్కల్ని ఇంటికి రెండు చొప్పున పంచేశాం. అన్నీ వీధుల్లోనే కుదురుకున్నాయి.

ఆ ఆదివారం ఇరవై ఆరుగురం వెళ్ళాం. తలా ఒక గోనె సంచి, చేతికి తొడుగు, డబ్బాలో పులిహోర. గార్డు ముందు, మేము వెనుక, ఒకే వరుసలో నడిచాం. ఏరినవాటిలో ఎక్కువ సారా సీసాల పెంకులే. ఆ తర్వాత పెళ్ళి ఫోటోల కోసం వచ్చినవాళ్ళు వదిలిన రంగుపొడి పొట్లాలు. జీపులు గడ్డి మీద గీసిన చక్రాల చాళ్ళు మాత్రం సంచిలోకి ఎత్తలేకపోయాం. తీతువు గుడ్లున్న వైపు గార్డు మమ్మల్ని వెళ్ళనివ్వలేదు, దూరం నుంచి దాని అరుపు మాత్రం విన్నాం. తొమ్మిదయ్యేసరికి పదకొండు సంచులు నిండాయి.

అధ్యక్షులవారు తెల్ల పంచెలో వచ్చారు, ఎంత చెప్పినా వినలేదు. రోడ్డు చేరేసరికి పంచె మోకాళ్ళ దాకా సూదిముల్లు గడ్డి గింజలతో నల్లబడింది. కారు పక్కన కూర్చుని ఒక్కొక్కటే పీకుతూ, నావైపు చూడకుండా సణుగుతున్నారు. మా పాప ఒక గింజను ఆయన అరచేతిలో పెట్టి సీసాలోంచి నీటిచుక్క వదిలింది. ముందు ఏమీ జరగలేదు. తర్వాత ఆ పొడవాటి తోక మెల్లగా మెలిక విప్పుకుంటూ గడియారం ముల్లులా తిరిగింది, కొస గింజను ఆయన చర్మంలోకి గుచ్చబోయింది. వాన పడితే ఇలాగే తనంతట తాను నేలలోకి దిగుతుందని గార్డు చెప్పాడు.

ఆయన సణుగుడు ఆపేశారు. పంచె మీంచి ఇంకో గింజ పీకి అరచేయి చాపారు.

"దీని మీద కూడా వెయ్యమ్మా."