జడ్జీలంతా కాలువ కింద రైతులే

స్పెయిన్‌లో వాలెన్సియా అని సముద్రం పక్క పట్నం. అక్కడ ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద చర్చి గుమ్మం ముందు కాలువ నీళ్ళ తగాదాలు తీర్చే కోర్టు కూర్చుంటుంది. జడ్జీలు ఎనిమిది మంది, అందరూ రైతులే. లాయర్లుండరు, ఫైళ్ళుండవు, అప్పీలు లేదు. మా అమ్మాయి ఆ ఊళ్ళోనే ఉద్యోగం చేస్తోంది. నిరుడు మే నెలలో మా కాలువలు కట్టేశాక నేనూ మా ఆవిడా వెళ్ళాం. చూడాల్సిన వాటికి అమ్మాయి పెద్ద లిస్టే రాసింది. గురువారం మాత్రం నాకు వదిలెయ్యమ్మా అన్నాను.

మాది కోనసీమలో రాజోలు దీవి. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు గన్నవరం అక్విడక్ట్ అనే కాలువ వంతెన మీదుగా గోదావరి పాయ వైనతేయని దాటి మా వైపు వస్తాయి. వస్తాయి అనడం మర్యాదకే. మా పొలం కాలువ ఆఖర్న. ఎగువ వాళ్ళు చేలు తడుపుకుని, గేదెల్ని కడిగి, చెరువులకి ఇంజన్లు పెట్టి తోడుకున్నాక మిగిలితే మాకు. శివారు రైతు ఏ దేశం వెళ్ళినా ముందు అక్కడి కాలువే చూస్తాడు, ఏం చెయ్యమంటారు.

ఆ గుమ్మాన్ని అపొస్తలుల గుమ్మం అంటారు. దాని ముందు గుండ్రంగా ఇనుప కంచె వేసి, లోపల చెక్కా తోలుతో చేసిన పాతకాలపు కుర్చీలు వేస్తారు. ఒక్కో కుర్చీ మీద ఒక్కో కాలువ పేరు. క్వార్ట్, మిస్లాతా, తోర్మోస్, ఫవారా, ఇలా ఎనిమిది. తూరియా నది నుంచి చీలిన కాలువలివి. చర్చి గంట పన్నెండు కొట్టగానే నల్లటి వదులు చొక్కాలు తొడుక్కున్న పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. ఇత్తడి కొక్కెం ఉన్న పొడుగు కర్ర పట్టుకుని ఒక బంట్రోతు నిలబడ్డాడు. అధ్యక్షుణ్ణి అడిగి, క్వార్ట్ కాలువ కింద ఫిర్యాదు పడ్డవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మని వాళ్ళ వాలెన్సియా భాషలో గట్టిగా పిలిచాడు. ఎవరూ రాలేదు. తర్వాతి కాలువ పేరు పిలిచాడు. దానికీ రాలేదు. ఎనిమిదీ అయిపోయాయి. పెద్దలు లేచి వెళ్ళిపోయారు. ఫోన్లు పైకెత్తి పట్టుకున్న టూరిస్టులు ఉసూరుమన్నారు.

"ఇంతేనా? దీనికా ఎండలో నిలబెట్టారు?" అంది మా ఆవిడ.

నాకు మాత్రం అదే నచ్చింది. చాలా గురువారాలు ఇలాగే ఖాళీగా పోతాయట. గొడవ అక్కడిదాకా వచ్చేలోపే కాలువ కాపలాదారో, ఆ కాలువ పెద్దో సర్ది చెప్పేస్తారు. కేసు వస్తే మాత్రం అరగంట పని. వంతు తప్పి నీళ్ళు పెట్టుకోవడం, గట్టు తెంపడం, తన బోదె పూడిక తియ్యకపోవడం, పక్కవాడి చేలోకి నీళ్ళు వదిలెయ్యడం, ఇవీ నేరాలు. ఫిర్యాదు చేసినవాడు చెబుతాడు, నిందపడ్డవాడు చెబుతాడు, అధ్యక్షుడు ప్రశ్నలడుగుతాడు. ఇప్పుడు మాట్లాడే వంతు ఎవరిదో ఆయన కాలుతో చూపిస్తాడు. మన పంచాయతీలో కాలు చూపిస్తే అక్కడే రెండో కేసు మొదలవుతుంది. తర్వాత పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకుంటారు. ఏ కాలువవాడి మీద ఫిర్యాదో ఆ కాలువ పెద్ద తీర్పులో నోరెత్తకూడదు. నది కుడిగట్టు వాడి మీద కేసైతే శిక్ష ఎడమగట్టు పెద్దలు చెప్పాలి, అటువాడైతే ఇటువాళ్ళు. మనవాడు అన్న మాటకి చోటివ్వకుండా ఎంత నేర్పుగా కట్టారో చూడండి.

ఈ కోర్టు 960లో, ముస్లిం పాలకుల కాలంలో మొదలైందని వాళ్ళు చెప్పుకుంటారు. 1960లో వెయ్యేళ్ళ పండగ కూడా చేసుకున్నారు. సంవత్సరం సంగతి ఎలా ఉన్నా, ఆ కాలువల పద్ధతి మాత్రం అరబ్బుల నాటిదే. 1238లో హైమే అనే క్రైస్తవ రాజు వాలెన్సియాని గెలుచుకుని మసీదుని చర్చి చేశాడు. కాలువల జోలికి మాత్రం పోలేదు, పాత పద్ధతిలోనే వాడుకోండన్నాడు. ముస్లిం రైతులు చర్చి లోపలికి రాలేరు గనక కోర్టు గుమ్మం బయట పెట్టారని అక్కడ ఒక కథ. రాజులు మారారు, మతం మారింది, నియంత ఫ్రాంకో వచ్చిపోయాడు, గురువారం మాత్రం అలాగే ఉంది. 1978 రాజ్యాంగంలో 125వ అధికరణం ఇలాంటి సంప్రదాయ కోర్టుల్ని ఒప్పుకుంది. 2009లో యునెస్కో దీన్నీ, ముర్సియాలో ఇలాంటిదే ఇంకోదాన్నీ కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుమ్మం ముందున్న చౌకులోనే తూరియా నది పేర ఒక ఫౌంటెన్ ఉంది. మధ్యలో ఆనుకుని పడుకున్న మగమనిషి నది, చుట్టూ కుండలతో నీళ్ళు పోస్తున్న ఎనిమిది మంది ఆడపిల్లలు కాలువలు.

ఇదంతా ముచ్చటే. నాకు అసలైన సంగతి ఊరి బయట కనపడింది. అమ్మాయి స్నేహితురాలు ఒకావిడ తోటల మధ్యకి తీసుకెళ్ళి, ఒక కాలువ రెండుగా చీలే చోటు చూపించింది. షట్టరు లేదు, తాళం లేదు. కాలువ మధ్యలో ముక్కులా పొడుచుకొచ్చిన రాతికట్టు, అంతే. వచ్చిన నీరు దానికి తగిలి ఇటు కొంత, అటు కొంత చీలిపోతోంది. కాసేపు అక్కడే కూర్చున్నాను. ఎండుటాకులు కొట్టుకొచ్చి రాయి దగ్గర తటపటాయించి ఏదో ఒక వైపు వెళ్ళిపోతున్నాయి. తూరియా నీటిని పూర్వం 138 వాటాలు వేశారు. వాటా అంటే ఇన్ని క్యూసెక్కులని కాదు, నదిలో ఎంతుంటే అందులో భాగం. నది నిండితే అందరికీ నిండుతుంది, తగ్గితే అందరికీ తగ్గుతుంది. పైవాడికి పూర్తిగా, కిందవాడికి సున్నా అనే లెక్క అందులో ఉండదు.

మా దగ్గర దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు తగ్గితే వంతులవారీ అంటారు. కాగితం మీద రోజులు రాస్తారు. మన వంతు రోజున తూము దగ్గరికెళితే నీళ్ళు చీలమండ దాకా కూడా ఉండవు. ఎగువన ఎవరో గోనెసంచుల్లో మట్టి నింపి అడ్డం వేసి ఉంటారు. రాత్రి టార్చిలైటు పట్టుకుని, దోమల్లో, గట్టెంట నడిచి ఆ సంచులు తీసుకుంటూ పోవాలి. తెల్లారేసరికి మళ్ళీ పడతాయి. ఆఫీసుకి వెళ్ళి చెబితే రాసుకుంటారు. వాళ్ళని మాత్రం ఏమంటాం, కాలువ చూసుకునే లస్కర్లే తక్కువ, ఒక్కో మనిషికి మైళ్ళకొద్దీ కాలువ. పైగా వచ్చి చూసే మనిషికి ఈ కాలువ మీద సెంటు భూమి ఉండదు. నీళ్ళు రాకపోతే ఆయన అన్నానికేం లోటు రాదు.

వాలెన్సియాలో కాలువ పెద్ద కావాలంటే ఆ కాలువ కిందే సొంత పొలం ఉండాలి, అదీ తనే సాగు చెయ్యాలి. ఓటేసేవాళ్ళూ ఆ కాలువ రైతులే. నల్లచొక్కా, ఇత్తడి కొక్కెం లేకపోయినా ఆ కోర్టు నడుస్తుంది. ఈ నియమం లేకపోతే నడవదు.

ఇంకో సంగతి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు కదా, ఆ తర్వాత ఓ పదిహేనేళ్ళకి ఇంగ్లీషువాళ్ళు వాలెన్సియా వెళ్ళి ఈ కాలువల్నీ కోర్టునీ చూశారు. క్లెమెంట్స్ మార్ఖమ్ అనే ఆయన తూర్పు స్పెయిన్ సాగునీటి మీద లండన్‌లో ఇండియా వ్యవహారాలు చూసే ఆఫీసుకి రిపోర్టే రాశాడు, 1867లో అచ్చయింది. మనకి లాకులొచ్చాయి, నీటి తీరువా వచ్చింది. రైతు జడ్జీ మాత్రం రాలేదు. 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టారు. అందులో ఒక విడత నేనూ ఉన్నాను. పూడికతీత బిల్లుల గురించి జరిగినంత చర్చ నీళ్ళ గురించి జరగలేదు. న్యాయంగా చెప్పాలంటే, వాళ్ళది ఒక పట్నం చుట్టూ ఉన్న తోటభూమి, మన డెల్టా పది లక్షల ఎకరాలు. ఎనిమిది కుర్చీలతో తేలే పని కాదు. కానీ ఒక్క బ్రాంచి కాలువకైనా చేసి చూడొచ్చు.

పట్నానికి దక్షిణాన అల్బుఫేరా అనే సరస్సుంది, మన కొల్లేరు గుర్తొచ్చింది. చుట్టూ వరి. మేం వెళ్ళేసరికి దున్నిన మళ్ళలో నీళ్ళు నింపుతున్నారు. ఊడ్పుల్లేవు, వెదజల్లడమే. బొంబా అనే పొట్టి గింజ ఉంది, ఉడికితే బాగా ఉబ్బుతుంది. దాంతో పాయెయ్యా చేస్తారు. వెడల్పాటి ఇనప పళ్ళెంలో, నారింజ కట్టెల మంట మీద, కోడి, కుందేలు, చిక్కుడు గింజలు, కుంకుమపువ్వు. బియ్యం వేశాక గరిట పెట్టకూడదు. అడుగున కాస్త మాడిన పెచ్చు కోసం అందరూ పోటీ పడతారు. మా ఆవిడ కుందేలు ముక్కలన్నీ నా వైపు తోసేసి, పెచ్చు మాత్రం ఎవరికీ మిగల్చలేదు.

ఆ పొలాల దారిలోనే 2024 అక్టోబరు 29 వరద మరకలు గోడల మీద చూశాం. వాలెన్సియా జిల్లాలో 220 మందికి పైగా పోయారు. 1957 వరద తర్వాత నదినే ఊరి దక్షిణానికి మళ్ళించారు కాబట్టి పట్నం బతికింది. పైపోర్తా లాంటి దక్షిణాది ఊళ్ళు మునిగాయి. ఆ రాత్రి అమ్మాయి ఫోను కలవక మేం పడ్డ టెన్షన్ మామూలుది కాదు. 86 గోదావరి వరదా, 96 కోనసీమ తుఫానూ చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చాక కాలువ గట్టు మీద టీ కొట్టు దగ్గర ఈ కోర్టు సంగతంతా చెప్పాను. అంతా విని మా బావగారు అడిగిన మొదటి ప్రశ్న: "ఆ ఎనిమిది మందీ ఏ పార్టీ?"

పార్టీ కాదు బావగారూ, సొంత పొలం సొంతంగా దున్నాలి, అదొక్కటే అన్నాను.

"అయితే మనూళ్ళో పోటీకి మనిషి దొరకడు" అన్నాడాయన. నిజమే. మా కాలువ కింద భూముల ఆసాములు సగం మంది హైదరాబాదులో ఉన్నారు. దున్నేది కౌలు రైతులు. వాళ్ళ చేతిలో కాగితం లేదు కాబట్టి నీటి సంఘంలో ఓటూ లేదు. రాత్రిపూట గోనెసంచులు తీసేది మాత్రం వాళ్ళే.