లక్ష కుర్చీలు, ఒక్క మెట్టు

ఆదివారం, నెల్లూరు

పొద్దున ఎనిమిదికే వీఆర్సీ గ్రౌండులో ఎండ చురుక్కుమంది. ఆట ఆపేసి అందరూ గోడ నీడకు చేరారు. ఎవరో కారం దోశలు పొట్లం కట్టించుకొచ్చారు. పొట్లాలు విప్పేలోపే మాట ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ ఆడే ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం మీదికి పోయింది.

మాంచెస్టర్ యునైటెడ్ కొత్త స్టేడియం బొమ్మలు బయటపెట్టింది 2025 మార్చి 11న. లక్ష సీట్లు. గీసింది నార్మన్ ఫోస్టర్ సంస్థ. పైన గొడుగులాంటి కప్పు, దాన్ని మోయడానికి 200 మీటర్ల ఎత్తున మూడు స్తంభాలు. ఖర్చు సుమారు 200 కోట్ల పౌండ్లు. డిప్లొమా చదివే పిల్లోడికి ఆ గొడుగంటే ప్రాణం. పీఈటీ సారుకి పాతది కూలగొట్టడమే ఇష్టం లేదు. ఎలక్ట్రికల్ షాపు అన్న లండన్ క్లబ్ ఆర్సెనల్ మనిషి, "2006లో మా పాత స్టేడియం హైబరీ వదిలిపెట్టి మేం ఏం పోగొట్టుకున్నామో ముందు అది అడగండబ్బా" అంటాడు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. కానీ స్టేడియం బాగుపడేదీ చెడేదీ నిర్ణయించే విషయం ముగ్గురూ ఎత్తలేదు. అందుకే ఇవాళ్టి పేజీ అంతా దానికే.

ముందు సారు బాధ. ఓల్డ్ ట్రాఫర్డ్ తెరిచింది 1910లో, ఆర్చిబాల్డ్ లీచ్ గీసింది. 1941 మార్చిలో జర్మన్ బాంబులకు దెబ్బతింటే 1949 దాకా మాంచెస్టర్ సిటీ వాళ్ల మెయిన్ రోడ్ అనే మైదానంలో ఆడుకున్నారు. "అంత దెబ్బ తిని లేచింది రా. ఉన్నదాన్నే పెంచుకుంటే ఏం పోయింది?" అన్నారు సారు. అడ్డం వచ్చేది రైలు. దక్షిణం వైపు స్టాండ్ వెనకే రైలు పట్టాలు పోతాయి. మిగతా మూడు వైపులా పైకి లేపారు, ఆ వైపు మాత్రం పొట్టిగా మిగిలిపోయింది. నెల్లూరోళ్లకి రైలు కట్ట సంగతి వేరే చెప్పాలా! కట్టకి రెండు పక్కలా ఊరు పెరిగింది గానీ కట్ట అంగుళం జరగలేదు. ఇప్పటికీ గట్టి వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి దగ్గర నీళ్లు తగ్గేదాకా నిలబడాల్సిందే. నడిచే పట్టాల మీదుగా స్టాండ్ కట్టాలంటే రైళ్లు ఆపిన కొద్ది గంటల్లోనే క్రేను తిరగాలి. పని నెలల లెక్కలో కాదు, ఏళ్ల లెక్కలో సాగుతుంది. అంత చేసినా మరమ్మతుతో వచ్చేవి 87 వేల సీట్లని చెప్పారు.

పాత కప్పు సంగతి ఇంకొకటి. 2024 మేలో ఆర్సెనల్‌తో మ్యాచ్ నాడు వాన కురిస్తే స్టాండ్ మూల నుంచి నీళ్లు జలపాతంలా పడ్డాయి. ఒక్కో స్టాండ్ ఒక్కో కాలంలో కట్టినప్పుడు కప్పుకీ కప్పుకీ మధ్య అతుకులు మిగులుతాయి. గట్టర్లూ పైపులూ కట్టినప్పటి కప్పుకి సరిపడా వేసినవే. తర్వాత కప్పు పెరిగితే అదే పైపులోకి ఎక్కువ నీళ్లు వస్తాయి. పైన షీటు మార్చినంత మాత్రాన తీరే రోగం కాదది.

అందుకని కొత్తది పక్కనే కట్టడం సరైన నిర్ణయమనే నా లెక్క. పాతదాంట్లో ఆడుతూనే ఉండొచ్చు, టికెట్ డబ్బు ఆగదు. టాటెన్‌హామ్ క్లబ్ పాత స్టేడియం ఉన్నచోటే కొత్తది కట్టి, దాదాపు రెండు సీజన్లు వెంబ్లీ అనే వేరే స్టేడియంలో ఆడింది. 2018 సెప్టెంబరులో తెరుస్తామన్నది, అగ్ని భద్రతకు సంబంధించిన వైరింగులో లోపాలు తేలి 2019 ఏప్రిల్ 3న తెరిచింది. కాంక్రీటు లేచింది, కుర్చీలు బిగించారు, ఆపింది మాత్రం గోడలో దాగిన వైరు. ఎలక్ట్రికల్ అన్న ఇక్కడ గట్టిగా తలూపాడు. బార్సిలోనా కూడా 2023 నుంచి కొండ మీది మోంజుయిక్‌లో ఆడి, 2025 నవంబరులో ఇంకా పని మిగిలుండగానే సొంతింటికి వచ్చింది. ఫోస్టర్ అయిదేళ్లలో ముగిస్తామన్నాడు. విడిభాగాలు బయట తయారుచేసి, మాంచెస్టర్ షిప్ కెనాల్ మీద తెచ్చి బిగించే పద్ధతి, మొత్తం 160 భాగాలు. పద్ధతి మంచిదే. అయితే ముందే చేసిన భాగం సైటులో సరిపోకపోతే అక్కడ కోసి అతికించడం కుదరదు. పునాది బోల్టులు మిల్లీమీటర్ల లెక్కలో కుదరాలి.

ఇక అసలు సంగతి, మెట్టు. మనిషి వెనక మనిషి కూర్చుంటే వెనకాయన కంటి చూపు ముందాయన తల మీదుగా దగ్గరి మైదానం అంచు గీత, అంటే టచ్‌లైన్ దాకా పోవాలి. ఆ చూపు గీతకీ ముందాయన కళ్లకీ మధ్య నిలువు దూరాన్ని స్టేడియం కట్టేవాళ్లు సీ వాల్యూ అంటారు. 60 మిల్లీమీటర్లుంటే మెడ సాచి చూడాలి. 90 ఉంటే బాగుంటుంది. 120 ఉంటే ఇంకా హాయి. 90 అంటే బొటనవేలు వదిలేసి మిగతా నాలుగు వేళ్లు కలిపితే వచ్చే వెడల్పు కంటే కొంచెం ఎక్కువ.

లెక్క ఇది. ముందాయన కంటి నుంచి టచ్‌లైన్ దాకా అడ్డం దూరం ఒకటి, గడ్డి మీద నుంచి ఆయన కంటి ఎత్తు ఒకటి, వరుస లోతు ఒకటి. ఎత్తుకి కావలసిన సీ వాల్యూ కలపాలి. దాన్ని అడ్డం దూరంతో భాగించి, అడ్డం దూరమూ వరుస లోతూ కలిపిన మొత్తంతో హెచ్చవేయాలి. వచ్చినదాంట్లోంచి కంటి ఎత్తు తీసేస్తే మెట్టు ఎత్తు వస్తుంది.

పై అంతస్తు ఒకటి ఊహించుకుని అక్కడే పొట్లం కాగితం మీద వేశాం. దూరం 60 మీటర్లు, ఎత్తు 30, వరుస లోతు 80 సెంటీమీటర్లు. 90 మిల్లీమీటర్లు కావాలంటే మెట్టు 49 సెంటీమీటర్లుండాలి. 120 కావాలంటే 52. తేడా మూడు సెంటీమీటర్లేగా అన్నాడు పిల్లోడు. నలభై వరుసలకి ఒక్కో దానికీ మూడంటే 120 సెంటీమీటర్లు. పైగా ఎత్తు పెరిగేకొద్దీ తర్వాతి మెట్టు ఇంకా ఎత్తు కావాలి, కాబట్టి వాస్తవంలో అంతకంటే ఎక్కువే. కప్పు పైకి జరుగుతుంది, స్తంభం పొడుగవుతుంది, ఖర్చు పెరుగుతుంది. ఖర్చు తగ్గించుకునే రోజు వచ్చినప్పుడు మొదట కోత పడేది కనపడని ఈ మూడు సెంటీమీటర్ల మీదే. బొమ్మలో అది ఎవరికీ తెలియదు. వాలు కూడా ఇష్టమొచ్చినట్టు పెంచలేం, బ్రిటన్ భద్రతా గైడు ప్రకారం 34 డిగ్రీలు దాటకూడదు. 80 లోతుకి 52 ఎత్తంటే 33 డిగ్రీలు. అంటే అంచు మీదున్నాం.

లక్ష సీట్ల చిక్కు కూడా ఇక్కడే. వాలు పెంచలేకపోతే వెనక్కి జరగాలి. చూసేవాడి కంటి నుంచి ఎదుటి మూల దాకా 190 మీటర్లు మించకూడదంటారు, 150 లోపైతే హాయి. 22 సెంటీమీటర్ల బంతి 190 మీటర్ల దూరంలో ఎంత కనపడుతుందో పిల్లోడే లెక్కేశాడు. చేయి చాచి పట్టుకున్న ముప్పాతిక మిల్లీమీటరు చుక్కంత. ఆవగింజ కూడా కాదు. పరుగు ట్రాకు చుట్టూ ఉన్న స్టేడియాల్లో కింద కూర్చున్నవాళ్లకి ఏమీ కనపడదని ఊరికే అనరు. మొదటి వరుస వెనక్కి పోతే మెట్లు చదునుగా సరిపోతాయి, కట్టడం చవక, ఆట మాత్రం దూరమవుతుంది. కంటి ఎత్తు రెండు మీటర్లనుకుంటే, టచ్‌లైన్ 8 మీటర్లలో ఉన్నప్పుడు మెట్టు 30 సెంటీమీటర్లు కావాలి, 20 మీటర్లకి జరిగితే 17 చాలు. 2016లో లండన్ ఒలింపిక్ స్టేడియానికి మారిన వెస్ట్ హామ్ క్లబ్ అభిమానుల గోడు ఈ లెక్కలోనే ఉంది.

మన కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియం కూడా గుర్తు చేసుకోవాలి. 1984లో తెరిచినప్పుడు లక్షా ఇరవై వేలన్నారు. 2017 అండర్-17 ప్రపంచ కప్ కోసం విడివిడి కుర్చీలు బిగించేసరికి 70 వేల లోపుకొచ్చింది. సిమెంటు బల్ల మీద కుదించుకుని కూర్చునే లక్ష వేరు, ఒక్కో మనిషికి చోటు కొలిచి ఇచ్చే లక్ష వేరు.

తర్వాత బయటికి రావడం. ఈ విషయం మీద ఎంత మాట్లాడినా తక్కువే. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర నిలబడ్డవాళ్లకి తెలుసు, జనం రావడం పగలంతా నెమ్మదిగా జరుగుతుంది, కదలడం మొదలెడితే ఒక్కసారే. అందుకే వచ్చే దారీ పోయే దారీ వేరు చేసి బారికేడ్లు కడతారు. స్టేడియంలో అది ఇంకా తీవ్రం, ఈల ఊదగానే అందరూ లేస్తారు. అదే గైడు ప్రకారం మెట్ల మీద మీటరు వెడల్పుకి నిమిషానికి 66 మంది, చదును నేల మీద 82 మంది నడుస్తారని లెక్క. ప్రమాదంలో ఎక్కువలో ఎక్కువ 8 నిమిషాల్లో అందరూ క్షేమమైన చోటికి చేరాలి. ఎనిమిది అరవయ్యారులు 528. లక్ష మందీ మెట్ల మీదుగానే దిగాలంటే అన్ని మెట్లదారుల వెడల్పూ కలిపి 190 మీటర్లు కావాలి. ఇప్పటి 74 వేలకి 140 సరిపోతుంది. ఆ 50 మీటర్లూ ఎక్కడినుంచో తీయాలి, తీసేది సాధారణంగా మరుగుదొడ్ల ముందు నడవాలోంచి, తినుబండారాల కౌంటర్ల ముందు చోటులోంచి. అలా తీస్తే విరామంలో జనం అక్కడే ఇరుక్కుంటారు.

గేటు దాటాక కూడా లెక్క ఆగదు. 2022 డిసెంబరు 28న మన కందుకూరులో రోడ్డు మీది తొక్కిసలాటలో 8 మంది పోయారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట 11 మంది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఫుట్‌బాల్ చూడబోయిన 16 మంది ఇంటికి తిరిగి రాలేదు. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో నలిగి పోయిన 97 మంది పేర్లు ఏ అభిమానికైనా గుండెలో బరువు. కాబట్టి గొడుగు కింద స్టేడియం బయట విశాలమైన ఖాళీ చోటు వదిలారంటే నాకు అందం కంటే ముందు ఈ పనే తోస్తుంది, జనం నిలబడి పలచబడే చోటు. ఈ ఒక్క విషయంలో పిల్లోడి వైపే నేను.

టికెట్ సంగతి వచ్చేసరికి సారు గొంతు పెరిగింది. 200 కోట్ల పౌండ్లని లక్షతో భాగిస్తే సీటుకి 20 వేల పౌండ్లు. పౌండు 115 రూపాయలనుకుంటే 23 లక్షలు. మొత్తం అప్పే అనుకుని, ఆరు శాతం వడ్డీ వేస్తే ఏడాదికి 12 కోట్ల పౌండ్లు. ఇంటి మ్యాచ్‌లు 25 అనుకుంటే సీటుకి మ్యాచ్‌కి 48 పౌండ్లు వడ్డీకే పోతుంది, అసలు ముట్టుకోకుండానే. కొత్తగా కలిసే 26 వేల సీట్లే ఆ వడ్డీ మోయాలంటే 185 పౌండ్లు. ఎవరు కడతారు? ఖరీదైన లాంజీల వాళ్లు కొంత కడతారు, మిగతా భారం కచ్చితంగా పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తండ్రి మీద పడుతుంది. 2024 నవంబరులో రాయితీ లేకుండా 66 పౌండ్లు చేసినప్పుడే అభిమానులు రోడ్డెక్కారు. ఎన్ని సీట్లు రాయితీవో, ఎన్నేళ్ల దాకా రాయితీయో కాగితం మీద రాయించుకోకుండా లక్ష అనే మాటకు చప్పట్లు కొట్టకూడదు.

ఆర్సెనల్ అన్న మాటకు జవాబు గోల్ వెనక స్టాండులో ఉంది. హైబరీలో 38 వేలు, తర్వాత కట్టుకున్న ఎమిరేట్స్‌లో 60 వేలు, అయినా కేకలు పలచబడ్డాయని ఆయన బాధ. పాడేవాళ్లంతా ఒకేచోట, మధ్యలో లాంజీల గాజు వరుస లేకుండా ఉంటేనే పాట ఒక కొస నుంచి ఇంకో కొసకి పాకుతుంది. టాటెన్‌హామ్ దక్షిణ స్టాండ్ 17,500 మందికి ఒకటే అంతస్తు. జర్మనీలోని డార్ట్‌మండ్‌లో దాదాపు 25 వేల మంది నిలబడే గోడ. కప్పు చివరి వరుస తలల దగ్గరే ఉండాలి, మూసి ఉండాలి, అప్పుడే శబ్దం తిరిగి గడ్డి మీదికి దిగుతుంది. గొడుగు ఎంత ఎత్తుగా ఉంటే అంత అందం, అంతే శబ్దం పైకి పోతుంది. దాని కింద స్టాండుకి సొంత కప్పు ఎంత కిందికి వస్తుందో, అదీ అడగాల్సింది. గడ్డికి ఎండ తగలకపోతే ఏమవుతుందో 1990లో కప్పు వేసిన ఇటలీలోని సాన్ సిరో స్టేడియంలో అందరూ చూశారు. దీపాల బళ్లు రాత్రంతా వెలిగించి పెంచుకోవచ్చు, కరెంటు బిల్లు ఏటా ఉంటుంది.

పది దాటాక నీడ గోడెక్కింది. లేచే ముందు సారు ఒక మాట అడిగారు: "49 సెంటీమీటర్ల మెట్టుని నా వయసోడు ఎక్కేదెట్టా?" నడిచే దారిలో ఆ మెట్టుని ముక్కలు చేస్తారు. రెండు చేస్తే ఒక్కోటి 24న్నర ఎత్తు, మోకాళ్లకి కష్టం. మూడు చేస్తే ఎత్తు 16 చిల్లరకి తగ్గుతుంది గానీ పాదం పెట్టే లోతు 27 లోపుకి పడిపోతుంది, దిగేటప్పుడు మడమ జారుతుంది. రెండా మూడా తేలలేదు. నాటు ఇటుక మందం ఏడు సెంటీమీటర్లనుకుంటే ఏడు పేరిస్తే సరిగ్గా 49. వచ్చే ఆదివారం ఇటుకలు ఎలక్ట్రికల్ అన్న తెస్తాడు, చెక్కలు పిల్లోడు కోసుకొస్తాడు, ఎక్కి దిగి చూసేది సారు.