మూడు పక్కన ఖాళీ

ఈరోజు సాయంత్రం ట్యూషన్ పిల్లలకు స్టెమ్ అండ్ లీఫ్ ప్లాట్ చెప్పాను. మా పర్లాకిమిడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అంకెలు ఏ భాషలో చెప్పినా అందుకుంటారు. పుస్తకంలోని లెక్క ఇవ్వబుద్ధి కాలేదు. ఇంటి నుంచి ఇక్కడికి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఒక్కొక్కరినీ అడిగి బోర్డు మీద రాశాను. పదుల అంకె గీతకు ఎడమవైపు, అది స్టెమ్. ఒకట్ల అంకె కుడివైపు, అది లీఫ్. కుడివైపువి చిన్న నుంచి పెద్దకు సర్దాక ఇలా వచ్చింది.

0 | 5 8 8
1 | 0 2 2 5 5 7
2 | 0 4 5
3 |
4 | 7

1 | 5 అంటే 15 నిమిషాలు. ఈ ముక్క కింద రాయకపోతే చూసేవాళ్లు దాన్ని ఒకటిన్నర అనుకోవచ్చు, 150 అని కూడా అనుకోవచ్చు. అందుకే దగ్గరుండి అందరిచేతా రాయించాను.

అయిదు నిమిషాలకు పదుల అంకె ఏదని ఒకడు ఆగిపోయాడు. సున్నా అని పక్కవాడే చెప్పాడు. ఎనిమిది ఒకసారి రాస్తే చాలదా అని ఇంకొకరు. ఇద్దరు పిల్లలు కదా, రెండుసార్లు రాయాల్సిందే. అంకెల మధ్య ఎడం కూడా సమానంగా ఉండాలి. ఇరుకుగా రాస్తే ఆ వరసలో తక్కువమంది ఉన్నట్టు కనిపిస్తుంది.

అసలు చర్చంతా మూడు దగ్గర జరిగింది. "అక్కడేటీ నేదు కదా టీచర్, తీసేద్దుం" అన్నారు. తీసేస్తే ఏమవుతుందో చెరిపి చూపించాను. 47 వచ్చి 25 పక్కన కూర్చుంది. పాతపట్నం నుంచి సైకిల్ మీద రాష్ట్రం దాటి వచ్చే కుర్రాడిది 25. కొండ కింది ఊరి నుంచి నడిచొచ్చి, రోడ్డు మీద ఆటో కోసం కాసుకుని వచ్చే పిల్లది 47. వాళ్లిద్దరి మధ్య ఎంత దూరముందో ఆ ఖాళీ గీతే చెబుతుంది. మళ్లీ గీయించాను. ఆ అమ్మాయి వచ్చేదాకా కొత్త పాఠం మొదలుపెట్టొద్దని పిల్లలే అన్నారు. సరేనన్నాను.

నాకు ఈ పటం అంటే ఇష్టం ఇందుకే. కడ్డీల పటంలో నలభైల్లో ఒకరున్నారని తెలుస్తుంది, అంతే. ఇందులో 47 అనే అంకె 47గానే ఉంటుంది. దీన్ని 1970లలో బాగా ప్రచారంలోకి తెచ్చింది జాన్ టూకీ అనే అమెరికన్ గణాంకవేత్త. జపాన్ రైల్వే స్టేషన్లలో టైమ్ టేబుళ్లు ఇలాగే ఉంటాయని చెప్పాను, గంట ఎడమవైపు, నిమిషాలు కుడివైపు. మన గుణుపురం బండికి కూడా అలా రాయొచ్చా అని వెంటనే అడిగారు!

మీడియన్, అంటే వరసలో సరిగ్గా మధ్యనుండే అంకె, కనుక్కోవడం చిటికెలో అయిపోయింది. పదమూడు అంకెల్లో ఏడోది, 15.

పోయే ముందు ఒక పిల్ల బోర్డునే చూస్తూ, "సున్నాలు, అయిదులే ఎక్కువున్నాయేటి?" అంది. ఎంత ముచ్చటేసిందో! లెక్కపెడితే పదమూడింట్లో ఆరు. వాళ్లంతా వాచీ చూడకుండా సుమారుగా చెప్పినవాళ్లు కావచ్చు. రేపు అందరూ టైమ్ చూసుకుని బయల్దేరి రావాలి. ఈరోజు అంకెలు ఎడమవైపు, రేపటివి కుడివైపు, మధ్యలో ఒకటే స్టెమ్ పెట్టి రెండూ పోల్చి చూస్తాం.