గులాబీ కొవ్వొత్తి వారం

చర్చిలో పూజ మొదలు కాబోతోంది, గులాబీ కొవ్వొత్తి అంటుకోదే! వత్తి మైనంలో కూరుకుపోయి ఉంది. చుట్టూ కాస్త గీకి, పావు అంగుళం బయటికి తీశాక వెలిగింది. కొత్త కొవ్వొత్తులతో ఇదే తంటా, ముందురోజే ఒకసారి వెలిగించి చూసుకోవాలి.

ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు వారాల్లో, మూడో ఆదివారం ఇది. పచ్చి ఆకుల చక్రంలో వారానికొకటి చొప్పున వెలిగించే నాలుగు కొవ్వొత్తుల్లో మూడు ఊదా, ఒకటి గులాబీ. గులాబీది ఈ మూడో వారం వంతు. అందంగా ఉందని రెండో వారమే గులాబీని ముట్టించేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఇంట్లో పెట్టుకున్నవాళ్లు గమనించండి, మొదటి కొవ్వొత్తి నాలుగు వారాలూ వెలగాలి. ప్రార్థన సేపు వెలిగించి ఆర్పేస్తేనే డిసెంబర్ 24 దాకా వస్తుంది. పచ్చి ఆకులు ఈపాటికి ఎండి కరకరలాడుతుంటాయి, మంట అంటుకునేది అక్కడే. మార్చేయండి. కొవ్వొత్తి కింద లోహపు గిన్నె ఉండాలి, ప్లాస్టిక్ వద్దు.

యేసు పుట్టుకను బొమ్మలతో చూపే పశువుల పాక కట్టేశారు, తొట్టి ఖాళీ. పిల్లలు ఎంత మారాం చేసినా బాలయేసు వచ్చేది 24 రాత్రి పూజకే. జ్ఞానుల బొమ్మలు సాక్షాత్కార పండుగ (జ్ఞానులు బాలయేసును దర్శించిన రోజు, జనవరి మొదట్లో) దాకా దూరంగానే, రోజుకో అడుగు జరుపుతూ ఉంటే పిల్లలకి అదో సరదా.

అన్నట్టు, 26నే పాక విప్పేయకండి బాబూ. క్రిస్మస్ కాలం అప్పుడే మొదలైంది, జనవరిలో వచ్చే క్రీస్తు జ్ఞానస్నాన పండుగ దాకా ఉంటుంది.