సరిగ్గా నిమిషానికి తెగే కనెక్షన్

పలాసలో జీడిపప్పు అమ్మే ఒకాయనకి ఆర్డర్ల పేజీ ఒకటి రాసిచ్చాను. కొత్త ఆర్డర్ పడగానే కొట్లో ఫోన్ మోగాలి, అంతే పని. శ్రీకాకుళంలో మా ఇంట్లో లాప్‌టాప్ మీద బ్రహ్మాండంగా మోగింది. సర్వర్‌కి ఎక్కించాక మొదలైంది గోల. "ఏటి బాబూ, ఆర్డరొచ్చి అరగంటైనా ఇది కుయ్యిమనదేటి?" అని ఫోన్.

ముందు నెట్‌ని తిట్టాను, అలవాటు కదా. తర్వాత బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూస్తే వెబ్‌సాకెట్ (సర్వర్ తనంతట తాను పేజీకి కబురు పంపేలా తెరిచి ఉంచే కనెక్షన్) అసలు కుదరనే లేదు, 101 (సరే, మారదాం) రావలసిన చోట 400 (అడిగిన తీరు తప్పు) వస్తోంది. బ్రౌజర్‌కీ నా ప్రోగ్రామ్‌కీ మధ్యలో ఉన్న ప్రాక్సీ ఎన్‌జిన్‌ఎక్స్, కనెక్షన్‌ని వెబ్‌సాకెట్‌గా మార్చమని అడిగే 'అప్‌గ్రేడ్' హెడర్‌ని తనంతట తాను లోపలికి పంపదు, కాన్ఫిగ్‌లో మనమే రాయాలి. రాశాను, 101 వచ్చింది. హమ్మయ్య అనుకుని టీ తాగొచ్చేసరికి మళ్లీ తెగింది, ఈసారి కోడ్ 1006, అంటే చెప్పాపెట్టకుండా తెగిందని.

టైమ్ చూస్తే సరిగ్గా 60 సెకన్లు. ఇంత గుండ్రటి అంకె కనిపిస్తే నెట్‌ని అనుమానించడం దండగ, అది ఎక్కడో ఉన్న టైమవుట్. సర్వర్ నుంచి 60 సెకన్లు ఏమీ రాకపోతే ప్రాక్సీ తెంచేస్తుంది, డిఫాల్ట్ అదే. మధ్యాహ్నం పూట నిమిషానికో ఆర్డర్ ఎక్కణ్నుంచి వస్తుంది? టైమవుట్ పెంచడం నాకు నచ్చదు, సర్వర్ నుంచి 25 సెకన్లకో పింగ్ ('ఉన్నావా' అని చిన్న పలకరింపు) పెట్టాను, దానికి జవాబుగా పాంగ్ బ్రౌజరే ఇచ్చేస్తుంది. తెగితే మళ్లీ కలిసి, చివరి ఆర్డర్ నంబర్ చెప్పి మధ్యలో పోయినవి అడిగేలా కూడా రాశాను (మొదట్లోనే రాయాల్సింది, బద్ధకం).

నిన్న మాట్లాడుతుంటే వెనక కుయ్ కుయ్ వినబడుతూనే ఉంది. ఇప్పుడు ఆ సౌండ్ తగ్గించమంటున్నాడు.